కాళియమ్మ ఇచ్చిన వంతు

చెంగమ్మ పొద్దున లేవగానే పొయ్యి ముట్టించేది కాదు. ముఖం కడుక్కొని, తడి చేతులు కొంగుకు తుడుచుకొని, అరచేతులు ఒకదానికొకటి రాసి వెచ్చబడ్డాక మనవడు పడుకున్న చాప పక్కన చతికిలబడేది. వాడు లేవకుండా మెల్లగా పక్కకు తిప్పి, వీపు మీద చెవి ఆనించి కళ్ళు మూసుకొనేది. లోపల గాలి సాఫీగా వచ్చి పోతూ ఉంటే “తల్లీ గంగమ్మా” అని ఒక్క మాట అనుకొని లేచేది. పిల్లి గురకలాంటిది ఏదైనా వినబడితే మాత్రం ఆ రోజు ఆమె పనికి పోయేది కాదు.

గుడియాత్తంలో వాళ్ళ సందులో అందరికీ ఈ సంగతి తెలుసు. పాలు పోసే మనిషి కూడా ఆ కాసేపు వాకిట్లో గిన్నె చప్పుడు చేయకుండా నిలబడేవాడు. ఆమె లేచి తలుపు తీసిన తర్వాతే “అమ్మా, పాలు” అనేవాడు. అట్లా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ వినడం మనవడితో మొదలైంది కాదు. చెంగమ్మ కడుపున మొదట పుట్టిన మగబిడ్డ, తర్వాత పుట్టిన ఆడబిడ్డ, ఇద్దరూ పాకడం నేర్చుకోకముందే వానాకాలపు జలుబుకు పోయారు. జలుబుకు ఎవరైనా పోతారా అని అప్పట్లో అడిగినవాళ్ళున్నారు. అడగడంలో తప్పు లేదు. ఆ కాలంలో సందులో జలుబు పట్టని పిల్ల లేదు. అందరి ముక్కులూ కారాయి, కొన్నాళ్ళు దగ్గారు, మళ్ళీ మట్టిలో ఆడుకున్నారు. ఆమె బిడ్డలకు మాత్రం డొక్కలు ఎగిరిపడే ఆయాసం పట్టింది. ఆమె కట్టుబడి పనిలో మోసే సున్నం గాలి తగిలిందన్నారు కొందరు. దిష్టి అన్నారు కొందరు. మొక్కు మరిచిపోయావన్నారు ఇంకొందరు. చెంగమ్మ అందరి మాటా విన్నది. సున్నం మోయడం మానేసింది, దిష్టి తీయించింది, లేని మొక్కు కూడా తీర్చింది. మూడోవాడు కాశి బతికాడు. ఏ పని వల్ల బతికాడో తెలియక ఆమె ఏదీ మానలేదు. వాడికి మీసం వచ్చేదాకా వీపు మీద చెవి పెడుతూనే ఉంది.

“నేనేమన్నా కరెంటు కంబమా మా, చెవి పెట్టి వినేదానికి?” అని కాశి విసుక్కునేవాడు.

“కంబానికి ఉండే బుద్ధి నీకు యాడ ఉండాది? అది కదలకుండా నిలబడతాది గదా” అనేది ఆమె.

చెంగమ్మ భర్త రంగరాజులు కట్టుబడి మేస్త్రి. ఆమెకు సొంత మేనమామ, తల్లికి ఆఖరి తమ్ముడు. పుట్టినప్పటి నుంచి ‘మామా’ అని పిలిచిన మనిషినే చేసుకోవడంతో, పెళ్ళయ్యాక పిలుపు మార్చుకోవలసిన పని కూడా ఆమెకు పడలేదు. కాశికి ఈడు వచ్చినప్పుడు ఆమె బయట ఎక్కడా చూడలేదు. తన అన్న కూతురు ఇందుమతి ఉంది. చిన్నప్పుడు ఆ పిల్లకు తల దువ్వి జడ వేసింది చెంగమ్మే. ఎవరి ఇంటి పిల్లనో తెచ్చి, ఎట్టా ఉంటుందో ఏమోనని భయపడే కంటే మన పిల్ల మన ఇంటికే రానీ అన్నది. అందరికీ అది మంచి మాటగానే తోచింది. ముకేష్ పుట్టినప్పుడు ఆ పేరు కాశే పెట్టాడు, టీవీలో ఎక్కడో విన్నాడట. చెంగమ్మ నోటికి అది తిరగక ‘ముక్కేసు’ అనేది. “ముక్కే సమస్య అయిపోయె వీడికి, పేరు కూడా అదే పెట్టినారు” అని రంగరాజులు నవ్వేవాడు. ఏడాది దాటేలోపే వాడికి రెండుసార్లు ఆయాసం వచ్చి పోయింది. ఆ తర్వాత రంగరాజులు ఆ మాట అనడం మానేశాడు.

ఆ ఏళ్ళలో కట్టుబడి పనికి కరువు లేదు. వేలూరు చుట్టూ కొత్త కాలేజీలు లేస్తున్నాయి, వాటికి హాస్టళ్ళు, ఆ హాస్టళ్ళ ముందు కొట్లు. పాత పెంకుటిళ్ళు పడగొట్టి మిద్దెలు వేస్తున్నారు. ప్రతి సందు చివరా ఒక ఫోను బూతు. పని ఎక్కువైంది గానీ మనుషుల నడుములు పాతవే. చెంగమ్మ వయసు ఆడవాళ్ళు పొద్దుగూకి ఇంటికి వచ్చేటప్పుడు మాట్లాడుకొనే ఓపిక కూడా లేక, ఒకరి వెనుక ఒకరు ఊరికే నడిచేవాళ్ళు.

రంగరాజులు గుంపులో ఒక పద్ధతి ఉండేది. దాన్ని వంతు అనేవాళ్ళు. మిద్దె వేసే రోజు తట్టలు అందించే వరసలో ఎవరి చోటు వారిది. ఒకరికి నడుము పట్టినా, కడుపుతో ఉన్నా, చంటిబిడ్డకు పాలివ్వాల్సి వచ్చినా, పక్కనున్నది వచ్చి ఆ చోట్లో నిలబడేది. వరస తెగకూడదు, అంతే. కింద నిలబడి చూసే ఇంజనీరుకు పైకి తట్ట వచ్చిందా లేదా అన్నదే కావాలి, అది ఏ చేతి నుంచి వచ్చిందో అక్కరలేదు. వంతు తీసుకున్నవాళ్ళు గొప్ప చెప్పుకొనేవాళ్ళు కాదు, ఇచ్చినవాళ్ళు దండం పెట్టేవాళ్ళు కాదు. బిడ్డల విషయంలోనూ అంతే. పని జాగాలో చీర ఉయ్యాల కట్టి బిడ్డను వేస్తే, నీళ్ళు తాగడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒకసారి ఎత్తుకొని ఆడించి మళ్ళీ వేసి పోయేది. ఏ తల్లీ తన బిడ్డ ఏడుపు విని పరుగెత్తాల్సిన అవసరం ఉండేది కాదు.

అందరి కంటే ఎక్కువగా ఎత్తుకొనేది కాళియమ్మ. ఆమె అరవామె, లత్తేరి పక్క మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. గుంపులోనే తెలుగు నేర్చుకొంది. వాక్యం తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించేది. సిమెంటు దుమ్ముకు ఆమె ముక్కు ఏడాది పొడుగునా కారుతూనే ఉండేది. ముకేష్‌ను ఎత్తుకొని, వాడి బుగ్గకు తన బుగ్గ ఆనించి, “నా తంగం, నా రాజా, యాడికి పోదుం చెప్పు” అని ఇసుక కుప్ప చుట్టూ తిప్పేది. వాడు ఆమె భుజం మీద తప్ప ఇంకెక్కడా నిద్రపోయేవాడు కాదు.

ఆ సంవత్సరం ఐప్పసి నెల దీపావళి వానలతో పాటు సందులోకి జలుబు వచ్చింది. ముందు కాళియమ్మకు గొంతు పోయింది. తర్వాత ఒక్కొక్క ఇంట్లో పిల్లలు చీదడం మొదలుపెట్టారు. మిరియాల కషాయం కాచని పొయ్యి లేదు. వారం తిరిగేసరికి పిల్లలందరూ తేరుకొని బురదలో పడ్డారు. ముకేష్ తేరుకోలేదు. ఒక పొద్దున చెంగమ్మ చెవి పెడితే పిల్లి గురక కాదు, నీళ్ళలో బుడగలు పగిలినట్టు వినబడింది. వాడి డొక్కలు లోపలికి పోతున్నాయి. ఆ కదలిక ఆమెకు తెలుసు. ఎన్నో ఏళ్ళ కింద రెండుసార్లు చూసింది.

“మామా, లే. వేలూరు పోదాం” అన్నది.

వేలూరు బస్సులో కూర్చొనే చోటు లేదు. కండక్టరు బిడ్డను ఒకసారి చూసి, ముందు సీటు ఖాళీ చేయించి, డ్రైవరు చెవిలో ఏదో చెప్పాడు. బస్సు మధ్యలో ఎక్కడా నిలబడలేదు. లత్తేరిలో దిగవలసిన ఒక ముసలాయన గంట కొట్టించబోయి, ఇందుమతి ఒళ్ళో బిడ్డను చూసి చెయ్యి దించేశాడు. “పోనీ నాయనా, నేను వేలూరులోనే దిగి తిరిగొస్తాలే” అన్నాడు. ఆయన ఎవరో, తిరిగి ఎట్లా పోయాడో చెంగమ్మకు తెలియదు. దేవుడు ఒక్కోసారి ఒక్కో చొక్కా తొడుక్కొని వస్తాడు గామోసు అని తర్వాత చాలామందితో అనేది.

ఆసుపత్రిలో బిడ్డ తల మీద గాజులాంటి గూడు పెట్టి గాలి పెట్టారు. చెంగమ్మ వరండాలో గోడకు ఆనుకొని కూర్చొంది. ఆమెకు భయం కంటే అలసట ఎక్కువగా ఉంది. ఇదే గోడ, ఇదే కూర్చోవడం, ముందు కూడా చేసిన పనిలాగే తోచింది. ఒక నర్సు వచ్చి, అడగకుండానే ఆమె తల కింద మడిచిన దుప్పటి పెట్టి పోయింది.

బిడ్డ గండం గడిచాక డాక్టరమ్మ వాళ్ళను పిలిచింది. ఆమె చిత్తూరు పక్క ఆడకూతురు, తెలుగే మాట్లాడుతుంది. మెల్లగా ఒక్కొక్కటే అడిగింది. వీధిలో పిల్లలందరికీ ఇదే జలుబు వచ్చిందా? వాళ్ళకు ఎట్లా ఉంది? ఇంతకు ముందు ఇంట్లో ఎవరైనా ఇట్లా పోయారా? చెంగమ్మ తన ఇద్దరి సంగతీ చెప్పింది. చెప్పి చాలా ఏళ్ళయింది కనుక ముందుది వెనుక, వెనుకది ముందు చెప్పింది. డాక్టరమ్మ తొందర పెట్టలేదు.

“ఒకే జలుబు ఒకరిని ఊరికే వదిలేస్తుంది, ఒకరిని ఇట్లా పట్టుకుంటుంది. ఎందుకో చూడాలని మా ప్రయత్నం. మీకిష్టమైతే బిడ్డ తండ్రిదీ, తల్లిదీ, మీదీ కొంచెం నెత్తురు తీసుకుంటాం” అన్నది.

ఆ మాట వాళ్ళు విన్న తీరు వేరు. ఆసుపత్రి ఈ ఇంటి నుంచి ఇంత నెత్తురు అడుగుతోంది, అది బిడ్డకు ఎక్కిస్తారు. వాళ్ళకు అర్థమైంది అదే. మరునాడు నెత్తురు తీసే గది ముందు బెంచీ మీద కూర్చొన్నప్పుడు రంగరాజులు కోడలి ముఖం చూశాడు. ఏడు నెలల కడుపు, పాలిపోయిన పెదవులు.

“ఈ పిల్ల ఒంట్లో యాడుండాది నెత్తురు, తీసేదానికి?” అన్నాడు. “తీస్తే లోపల బిడ్డకు ఏం మిగులుతాది?”

“నాదే ఇంకొంచెం తీసుకోమంటా” అన్నది చెంగమ్మ.

“నీ దాంట్లో ఏం పస ఉండాది లే, ముసలి నెత్తురు.”

అన్నం కారియరు తీసుకొని అప్పుడే వచ్చిన కాళియమ్మ పక్కన నిలబడి వింటోంది. లోపలి నుంచి ఒక మనిషి తల బయట పెట్టి “ఇందుమతి!” అని పిలిచాడు. ఇందుమతి లేవబోయింది. కాళియమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. కారియరు చెంగమ్మ చేతికి ఇచ్చింది.

“ఉక్కారు కన్నూ. నేను పోతా. నా నెత్తురు గెట్టిది, తట్ట మోసిన నెత్తురు.”

“కాళీ, సూది నొప్పి పుడతాదే” అన్నది చెంగమ్మ.

“సూదిదా? మిద్దె కాడ సారువ కట్టెల మీంచి పడినప్పుడు ఏడ్చినానా నేను?” అంటూ ఆమె లోపలికి పోయి, ఇందుమతి పేరు మీద చెయ్యి చాపింది. బయటికి వచ్చి దూది అదుముకుంటూ, “ఇవ్వళవుదానా? ఇంతేనా? ఇంకా అడుగుతారనుకున్నా” అన్నది. ఎవరూ ఏమీ అనలేదు. వంతు తీసుకున్న రోజు ఎవరూ ఏమీ అనరు గదా. అందరూ అన్నం తిన్నారు.

ముకేష్ ఇంటికి వచ్చాడు. మార్గళి నెలలో మళ్ళీ చూపించడానికి రమ్మంటే చెంగమ్మ, కాశి, ఇందుమతి వాణ్ణి తీసుకొని పోయారు. డాక్టరమ్మ బిడ్డ వీపు మీద గొట్టం పెట్టి విన్నది. తృప్తిగా తల ఊపింది. తర్వాత తలుపు మూసి, కుర్చీ కొంచెం ముందుకు లాక్కుంది.

“కోపం తెచ్చుకోవద్దు. ఒకటి అడగాలి. ఈ బిడ్డను కన్నది ఎవరు?”

చెంగమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

“ఏందమ్మా ఆ మాట? నా చేతుల్లో పడినాడు వాడు! బొడ్డు కోసింది నేను, తొలి నీళ్ళు పోసింది నేను. ఇదో, ఈ చేతులతో!”

“కూర్చోండమ్మా. నెత్తుట్లో తల్లి గుర్తులు కొన్ని బిడ్డలో కనబడి తీరాలి. తండ్రివి ఉన్నాయి. మీవి కూడా ఉన్నాయి. తల్లివి ఒక్కటీ లేవు.”

ఇందుమతి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడవడం మొదలుపెట్టింది. కాశి ఎవరి ముఖమూ చూడకుండా కిటికీ వైపు తిరిగాడు. చెంగమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న ఆ చేతిని చూడగానే ఆమెకు గుర్తుకు వచ్చింది. ఆ చేతికి సూది పడనే లేదు.

“అమ్మా,” అన్నది మెల్లగా, “ఆ పొద్దు చెయ్యి చాపింది ఈ పిల్ల గాదు. మా కాళియమ్మ.”

“ఆమె ఎవరు?”

“మాతో పనికొస్తాది.”

“మీ చుట్టమా?”

“కాదమ్మా, అరవామె. ఈ పిల్ల కడుపుతో ఉండాదని ఆమె ఇచ్చింది.”

“పేరు పిలిస్తే ఆమె ఎందుకు లేచింది?”

“వంతమ్మా” అన్నది చెంగమ్మ. ఇంక ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు. “మాలో అట్టనే చేస్తాము. నెత్తురు బిడ్డకు ఎక్కించేదానికనుకున్నాం గదా.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం రుద్దుకుంది. చాలాసేపటికి నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదు, బాగా అలిసిన మనిషి నవ్వు.

“బిడ్డలు తారుమారైనారేమోనని ఎన్నాళ్ళు నిద్ర లేకుండా ఉన్నానో తెలుసా? తప్పు నాదే. నెత్తురు ఎందుకో విడమరిచి చెప్పి ఉండాల్సింది.” ఇందుమతి దగ్గరికి వచ్చి తల నిమిరింది. “ఏడవొద్దమ్మా. చెంచాడు తీస్తా, అంతే. నీ బిడ్డకు ఏమీ కాదు. ఈ పని ఇంకొకరు చేసేది కాదు.”

ఆ నెత్తురు ఫలితం కనుక్కోవడానికి చెంగమ్మ ఒక్కతే మళ్ళీ వేలూరు పోయింది. డాక్టరమ్మ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పింది.

“మన ఒంట్లోకి పురుగు దూరితే, దాని తునక పట్టుకొని ‘ఇదిగో దొంగ’ అని కాపలావాళ్ళకు చూపించే చేతులు ఉంటాయమ్మా. ఆ చేతులు మనిషికీ మనిషికీ వేరే. సగం తండ్రి నుంచి వస్తాయి, సగం తల్లి నుంచి. రెండు వైపులా వేరే రకాలు వస్తే, ఒక చేతికి అందని పురుగు ఇంకో చేతికి అందుతుంది. మీ ముకేష్‌కు రెండు వైపుల నుంచీ ఒకే రకం వచ్చింది. కొన్ని పురుగులు ఆ చేతులకు చిక్కకుండా జారిపోతుండవచ్చు.”

“రెండు వైపులా ఒకటే ఎందుకొచ్చింది?”

డాక్టరమ్మ జవాబు చెప్పకముందే చెంగమ్మకు తెలిసిపోయింది. తన అన్న కూతురు. తన కొడుకు. తల దువ్వి జడ వేసింది తనే, తెచ్చింది తనే.

“సొంతంలో చేసుకున్నందుకా?”

“అదే కారణమని నేను తేల్చి చెప్పలేను. కావచ్చు అని మాత్రమే అంటున్నా. దీని గురించి లోకంలో ఎవరికీ ఇంకా పూర్తిగా తెలియదు. సొంతంలో చేసుకున్న ఎన్నో ఇళ్ళల్లో పిల్లలు గుండ్రాళ్ళలాగా ఉన్నారు. మీ కాశి లేడా? ఎవరి తప్పూ లేదమ్మా ఇందులో.”

“పోయినోళ్ళిద్దరికీ ఇదేనా?”

“తెలియదు. ఇక తెలుసుకోలేము.”

సున్నం గాలి కాదు, దిష్టి కాదు, మరిచిపోయిన మొక్కు కాదు. లేదా వాటిలో ఏదైనా కావచ్చు. అన్నేళ్ళు మోసిన తట్ట దించమన్నారు గానీ, దించే చోటు మాత్రం చూపించలేదు.

“కడుపులో ఉండేదానికి?” అని అడిగింది చివరికి.

“నాలుగింట ఒక పాలు అట్లాగే రావచ్చు. మూడు పాళ్ళు రాకపోవచ్చు. పుట్టాక చూద్దాం. చూసినా మందు లేదు. మనం చేయగలిగింది ఒకటే. ఈ చలి పోయేదాకా బిడ్డకు జలుబు చేరకుండా చూడండి. తల్లిపాలు ఆపవద్దు. పెద్దవాళ్ళకు ముక్కు కారితే అది వాళ్ళకు ఉత్త ముక్కు కారడమే. బిడ్డకు అదే ప్రాణం మీదికి రావచ్చు. జలుబున్న వాళ్ళు ఎంత కావలసినవాళ్ళైనా ఎత్తుకోకూడదు. మొన్న ముకేష్‌కు రాకముందు వాణ్ణి ఎవరు ఎత్తుకున్నారు?”

చెంగమ్మ కళ్ళ ముందు ఇసుక కుప్ప కనిపించింది. దాని చుట్టూ తిరుగుతున్న మనిషి, భుజం మీద బిడ్డ, బుగ్గకు బుగ్గ.

“అందరూ ఎత్తుకుంటారమ్మా మా కాడ” అన్నది. ఆ ప్రశ్నకు జవాబుగా కాళియమ్మ పేరు ఆమె నోటి నుంచి ఆ రోజూ రాలేదు, ఆ తర్వాత ఏనాడూ రాలేదు.

ఇంటికి వచ్చాక రంగరాజులుతో చెప్పింది.

“మామా, మన అందరి నెత్తురూ ఒకటేనంట.”

ఆయన చుట్ట ముట్టించబోయి ఆగాడు. “అది పెళ్ళి నాడే తెలుసు గదే. ఒకే కుండలో గంజి తాగినోళ్ళం” అన్నాడు. తర్వాత ఆమె ముఖం చూసి, ముట్టించని చుట్ట చెవి మీద పెట్టుకొని పక్కన కూర్చొన్నాడు. పోయిన ఇద్దరి పేర్లూ ఆ సాయంకాలం చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో వినబడ్డాయి.

తై నెలలో, సంక్రాంతి దాటాక, ఇందుమతికి ఆడబిడ్డ పుట్టింది. సుమిత అని పేరు అనుకున్నారు. పొద్దున మంచు కురుస్తోంది, సందులో మళ్ళీ దగ్గులు వినబడుతున్నాయి. బిడ్డ పుట్టిన వారంలోనే చెంగమ్మకు కూడా ముక్కు కారడం మొదలైంది. ఆ పొద్దు లేచి, అలవాటుగా చేతులు తుడుచుకొని, అరచేతులు రాసుకొని, గది గడప దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడే గుమ్మాన్ని పట్టుకొని నిలబడి వినడానికి చూసింది. అంత దూరానికి ఏం వినబడుతుంది? వెనక్కి వచ్చి పొయ్యి ముట్టించింది. “తల్లీ గంగమ్మా” అన్న మాట ఆ రోజు పొయ్యి ముందు అనుకొంది. అట్లా ముక్కు ఆరేదాకా ప్రతి పొద్దునా గడప దాకా వచ్చి తిరిగిపోయేది. ముకేష్‌ను కూడా ఆ రోజుల్లో కాశి పక్కనే పడుకోబెట్టింది. “ఇప్పుడు నువ్వు విను, కంబమా” అని కొడుకుతో అన్నది. కాశి నవ్వలేదు. చెవి పెట్టి విన్నాడు.

ఒక పొద్దున పనికి పోతూ కాళియమ్మ వచ్చింది. చేతిలో పాత చీర చింపి కుట్టిన పొత్తిళ్ళు ఉన్నాయి. వేడినీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, అంచులు లోపలికి మడిచి కుట్టింది. ముక్కు ఎర్రగా ఉంది, గొంతు బొంగురుగా ఉంది.

“యాడక్కా నా రాణి? ఒక్క సారి ఎత్తుకొని పోతా, మేస్త్రి తిట్టకముందు” అంటూ గడప మీద కాలు పెట్టింది.

చెంగమ్మ ముందుకు వచ్చి పొత్తిళ్ళు అందుకొంది. అందుకొని పక్కకు జరగలేదు. కాళియమ్మకు దారి దొరకలేదు.

“కాళీ, ఇట్టా కూర్చో. ఒక మాట.”

ఇద్దరూ వాకిట్లో అరుగు మీద కూర్చొన్నారు. చెంగమ్మ ఆ గుడ్డ అంచు కుట్టును వేలితో తడుముతూ ఉండిపోయింది.

“ఏందక్కా? బిడ్డకు ఏమన్నానా?”

“ఏం లేదు. బాగుండాది.”

“పిన్నె? మరి నీ మొగం అట్ట ఉండాదే?”

“ఈ జలుబుండాది చూడు, మనకు ముక్కు చీదితే పోతాది. మా ఇంటి పిలకాయలకు పోదంట. మా నెత్తురు అట్లాంటిదంట. డాక్టరమ్మ చెప్పింది.”

కాళియమ్మ కొంగుతో ముక్కు తుడుచుకొంది. తుడుచుకొంటూ ఆగింది. ఆ కొంగును చూసుకొంది.

“అక్కా,” అన్నది, గొంతు ఇంకా తగ్గించి, “ముకేసుకు ఆ పొద్దు వచ్చింది నా వల్లనా?”

“వీధంతా దగ్గినారే ఆ పొద్దు. ఎవరిదని చెప్తాం? గాలికి పేరుంటాదా?” అన్నది చెంగమ్మ. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకొంది. మోచేతి లోపలి వైపు, ఆ సూది పడిన చోట, ఇప్పుడు ఏ గుర్తూ లేదు. “నాకూ ముక్కు కారతాంది చూడు. నేనూ ముట్టుకోలా. గడప దాకా పోయి వస్తాండా.”

లోపల బిడ్డ ఏడ్చింది. కాళియమ్మ ఒళ్ళు దానంతట అదే లేవబోయింది, మళ్ళీ కూర్చొంది. ఇందుమతి లోపల ఏదో అంటూ బిడ్డను సముదాయిస్తోంది. ఇద్దరూ ఆ ఏడుపు ఆగేదాకా విన్నారు.

“ఒక పని చేసిపెట్టాల నువ్వు నాకు” అన్నది చెంగమ్మ. “అడిగేదానికి నోరు రాలేదు. ఇన్నాళ్ళూ అందుకే పిలవలా నిన్ను. ఆ పొద్దు ఆ పిల్ల వంతు నెత్తురు నువ్విచ్చినావు. మేం అడగలా, నువ్వే లేచినావు. ఇప్పుడు నేనే అడగతాండా. ఈ చలి పోయేదాక, ఈ బిడ్డ కాడ మాత్రం, నీ వంతు వదిలిపెట్టు కాళీ. నేను నాది వదిలినట్టే.”